తాళం ఒకరిది, సరుకు ఇంకొకరిది

2020 డిసెంబర్ 10న సైబర్‌పంక్ 2077 గేమ్ విడుదలైంది. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ సంస్థ ఏళ్ల తరబడి శ్రమించి తయారుచేసిన గేమ్ అది. విడుదలకు ముందే దాదాపు ఎనభై లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. ఖరీదైన కంప్యూటర్లలో బాగానే నడిచింది. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ వంటి పాత కన్సోళ్లలో (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రాల్లో) మాత్రం ఉన్నట్టుండి ఆగిపోయేది, దృశ్యాలు మసకబారేవి. నాలుగు రోజులు గడిచాక సంస్థ క్షమాపణ చెప్పింది. నచ్చనివారు కన్సోల్ స్టోర్లలోనే డబ్బు వాపసు అడగవచ్చని ప్రకటించింది. ఆ స్టోర్లు నడిపేది సోనీ, మైక్రోసాఫ్ట్. వాపసు గురించి వారితో ప్రత్యేకమైన ఒప్పందమేమీ చేసుకోలేదని సంస్థ పెద్దలు ఆ వెంటనే మదుపర్ల ముందు ఒప్పుకున్నారు. డిసెంబర్ 17న సోనీ ఆ గేమ్‌ను తన స్టోర్ నుంచి పూర్తిగా తీసేసింది. అది మళ్లీ అక్కడ కనబడింది 2021 జూన్ 21న.

తప్పు సీడీ ప్రాజెక్ట్‌దే, అందులో సందేహం లేదు. పూర్తికాని వస్తువును అమ్మింది. కానీ ఆ ఉదంతంలో నన్ను ఆలోచింపజేసింది వేరే విషయం. ఆ గేమ్‌ను సోనీ, మైక్రోసాఫ్ట్ రెండూ ముందుగానే పరీక్షించి అనుమతి ఇచ్చాయి. ఆ పరీక్ష దాటనిదే ఏ గేమూ కన్సోల్ మీదికి రాదు. విడుదలనాటికి లోపాలు సరిచేస్తామన్న నమ్మకంతోనే వారు ఒప్పుకుని ఉంటారని సీడీ ప్రాజెక్ట్ ఉన్నతాధికారి ఒకరు అన్నారు. అంటే లోపలికి రానిచ్చేది వారే, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది వారే, అవసరమైతే బయటికి పంపేదీ వారే. వస్తువు మాత్రం వారిది కాదు. కన్సోల్ కంపెనీలకూ గేమ్ పబ్లిషర్లకూ మధ్య నలభై ఏళ్లుగా నడుస్తున్న పేచీకి మూలం ఈ ఏర్పాటే.

పబ్లిషర్ అంటే గేమ్ తయారీకి పెట్టుబడి పెట్టి, ప్రచారం చేసి, అమ్మకానికి తెచ్చే సంస్థ. కన్సోల్ కంపెనీ అంటే ఆ గేమ్ నడిచే యంత్రాన్ని తయారుచేసేది. మంచి గేమ్‌లు లేకపోతే యంత్రాన్ని ఎవరూ కొనరు. యంత్రం కోట్ల ఇళ్లలో లేకపోతే గేమ్ మీద పెట్టిన సొమ్ము తిరిగి రాదు. ఒకరు లేనిదే మరొకరికి గడవదు. పైగా నింటెండో, సోనీ, మైక్రోసాఫ్ట్ మూడూ సొంతంగా గేమ్‌లు కూడా తయారుచేస్తాయి. అంటే పబ్లిషర్‌కు దుకాణంలో చోటు అద్దెకిచ్చినవాడే పక్క బల్ల మీద తన సరుకు కూడా అమ్ముకుంటున్నాడు.

అనుమతి అక్కరలేని రోజులు

ఈ ఏర్పాటు మొదట్లో లేదు. 1970ల చివర అటారీ కన్సోల్‌కు గేమ్‌లు తయారుచేసేది అటారీ ఒక్కటే. అక్కడ పనిచేసే నలుగురు ప్రోగ్రామర్లు, డేవిడ్ క్రేన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, లారీ కప్లాన్, తాము రాసిన గేమ్‌లే కంపెనీ కార్ట్రిడ్జ్ (యంత్రంలో పెట్టే గేమ్ డబ్బీ) అమ్మకాల్లో సగానికి పైగా తెస్తున్నాయని లెక్క తేల్చుకున్నారు. వారికి ముట్టేది జీతం మాత్రమే. డబ్బాల మీద పేరు కూడా ఉండేది కాదు. వెళ్లి అడిగితే, కార్ట్రిడ్జ్‌లు బిగించే కార్మికుడి కంటే మీరేమీ ఎక్కువ కాదని కంపెనీ అధిపతి రే కసార్ బదులిచ్చారని క్రేన్ తర్వాతి కాలంలో చెప్పారు. నలుగురూ బయటికి వచ్చి, 1979లో జిమ్ లెవీతో కలిసి యాక్టివిజన్ పెట్టారు. ఇంకొకరి యంత్రానికి గేమ్‌లు తయారుచేసి అమ్మిన మొదటి స్వతంత్ర సంస్థ అదే. అటారీ దావా వేసింది. 1982లో రాజీ కుదిరింది, అటారీకి రాయల్టీ ముట్టే షరతుతో.

కానీ తలుపు తెరుచుకుంది. యాక్టివిజన్ లాభాలు చూసి గేమ్‌లతో ఏ సంబంధమూ లేని సంస్థలు కూడా ఈ వ్యాపారంలో దిగాయి. అటారీ యంత్రంలో ఎవరి కార్ట్రిడ్జ్ పెట్టినా నడిచేది, ఆపే సాధనం అందులో లేదు. దుకాణాల్లో నాసిరకం సరుకు గుట్టలుగా పేరుకుపోయింది. 1983లో అమెరికా మార్కెట్ కుప్పకూలింది. మూడు వందల కోట్ల డాలర్లు దాటిన వ్యాపారం రెండేళ్లలో పది కోట్ల దరిదాపుల్లోకి పడిపోయింది. అమ్ముడుపోని కార్ట్రిడ్జ్‌లను అటారీ న్యూమెక్సికోలోని అలమగోర్డో దగ్గర గోతిలో పూడ్చింది. 2014లో అదే గోతిని తవ్వితే అవి బయటపడ్డాయి.

ఆ శిథిలాల మీద దుకాణం తెరిచింది నింటెండో. 1985లో అమెరికాలో అమ్మకానికి పెట్టిన తన కన్సోల్‌లో ఒక చిన్న చిప్ అమర్చింది. కార్ట్రిడ్జ్‌లోనూ దానికి జోడీ చిప్ ఉండాలి. రెండూ ఒకదానినొకటి గుర్తుపడితేనే గేమ్ మొదలవుతుంది, లేకపోతే తెర వెలిగి ఆరుతూ ఉంటుంది. ఆ జోడీ చిప్ నింటెండో దగ్గర తప్ప ఎక్కడా దొరకదు. అటారీకి లేని తాళం నింటెండోకు దొరికింది. ఇక షరతులన్నీ ఆ తాళానికి వేలాడదీసింది. ఒక పబ్లిషర్ ఏడాదికి ఐదు గేమ్‌లకు మించి తేకూడదు. తెచ్చిన గేమ్‌ను రెండేళ్లపాటు ఇంకో కన్సోల్‌కు ఇవ్వకూడదు. కార్ట్రిడ్జ్‌లన్నీ నింటెండోయే తయారుచేస్తుంది. కనీస సంఖ్య ఆర్డర్ చేయాలి, డబ్బు ముందే కట్టాలి, అమ్ముడుపోకపోతే నష్టం పబ్లిషర్‌దే.

ఇందులో మంచి లేదని నేను అనను. నాసిరకం వరదకు అడ్డుకట్ట పడింది, దుకాణదారుల్లో నమ్మకం తిరిగి వచ్చింది. అయితే వరదను ఆపడానికి గేమ్‌ల సంఖ్యకు కోత సరిపోయేది. పబ్లిషర్‌ను ఇంకో కన్సోల్ వైపు చూడనివ్వని రెండేళ్ల షరతుకూ నాణ్యతకూ ఏ సంబంధమూ లేదు. అది పోటీదారు గొంతు నొక్కడానికి పెట్టిన షరతు. 1988లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు ఎవరికి ఎన్ని కార్ట్రిడ్జ్‌లు దక్కాలో కూడా నింటెండోయే నిర్ణయించింది. పండుగల ముందు దుకాణాలు సరుకు కోసం అడుగుతుంటే, సొంత గేమ్ ఎన్ని ప్రతులు అమ్ముకోవాలో పబ్లిషర్ చేతిలో లేదు.

ఎవరికి తోచిన దారి వారు వెతుక్కున్నారు. కొనామీ అమెరికాలో అల్ట్రా గేమ్స్ అనే ఇంకో పేరు పెట్టుకుని ఐదు గేమ్‌ల పరిమితిని దాటింది. నింటెండో చూసీ చూడనట్టు ఊరుకుంది. పాత అటారీ నుంచి విడిపోయిన అటారీ గేమ్స్ అడ్డదారి తొక్కింది. దావాకు కావాలని అబద్ధం చెప్పి, చిప్‌లోని ప్రోగ్రామ్ ప్రతిని అమెరికా కాపీరైట్ కార్యాలయం నుంచి సంపాదించి, దాని ఆధారంగా సొంత తాళంచెవి తయారుచేసింది. కోర్టులో ఓడిపోయింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దారి వేరు. నింటెండోకు పోటీగా సెగా సంస్థ జెనెసిస్ కన్సోల్ వచ్చినప్పుడు ఒక బృందం యంత్రాన్ని విడదీసి, అది ఎలా పనిచేస్తుందో కాగితం మీద పెట్టింది. సెగా పత్రాలేవీ చూడని మరో బృందం ఆ కాగితాల ఆధారంగా గేమ్‌లు తయారుచేసింది. 1990లో సంస్థ అధిపతి ట్రిప్ హాకిన్స్ సెగా ముందు కూర్చున్నప్పుడు ఆయన చేతిలో ఆ పనితనం ఉంది. మీ అనుమతి లేకుండానే అమ్ముకోగలం, అదే పని ఇతరులకూ నేర్పగలం అన్నది ఆయన బేరం. సెగా రాయల్టీ తగ్గించింది, కార్ట్రిడ్జ్‌లు సొంతంగా తయారుచేసుకునే హక్కు కూడా ఇచ్చింది.

ఆకోలేడ్ అనే మరో సంస్థ ఇలాగే చేస్తే 1991లో సెగా కోర్టుకు వెళ్లింది. ఇతర యంత్రంతో కలిసి పనిచేసే గేమ్ తయారుచేయడం కోసం ప్రోగ్రామ్‌ను విడదీసి చదవడం న్యాయసమ్మతమేనని 1992లో అమెరికా అప్పీల్ కోర్టు తేల్చింది. అటారీ గేమ్స్, ఆకోలేడ్ రెండూ తాళమే తెరిచాయి. అబద్ధమాడి తెరిచినవారు ఓడారు, కష్టపడి తెరిచినవారు గెలిచారు. ఆ తీర్పు నాకు ఎంతో న్యాయంగా తోస్తుంది. అయితే కన్సోల్ కంపెనీలు దాని నుంచి నేర్చుకున్న పాఠం వేరు. తరువాతి యంత్రాల్లో రహస్య సంకేతాలతో మరింత గట్టి తాళాలు వేశాయి.

గోదాములో మిగిలిపోయే భయం

తాళం అంతే గట్టిగా ఉన్నా షరతులు మెత్తబడిన సందర్భం ఒకటుంది. దానికి కారణం కోర్టు కాదు, ఒక ప్లాస్టిక్ బిళ్ల.

కార్ట్రిడ్జ్‌ల కాలంలో పబ్లిషర్‌ను నిద్రపోనివ్వనిది రాయల్టీ కంటే ఆర్డర్. కార్ట్రిడ్జ్ తయారీ ఖర్చు ఎక్కువ, సమయం ఎక్కువ. సెలవుల్లో అమ్మాల్సిన సరుకు నెలల ముందే ఎంతో ఊహించి, డబ్బు కట్టేయాలి. తక్కువ ఊహిస్తే గేమ్ బాగా ఆడుతున్న వారాల్లో దుకాణాల్లో సరుకు ఉండదు. ఎక్కువ ఊహిస్తే గోదాములో మూలుగుతుంది. ఒక్క తప్పు అంచనాతో మూతపడిన చిన్న పబ్లిషర్లు ఉన్నారు. 1994 డిసెంబర్‌లో జపాన్‌లో ప్లేస్టేషన్ విడుదల చేస్తూ సోనీ కాంపాక్ట్ డిస్క్‌ను ఎంచుకుంది. డిస్క్ అచ్చువేయడం చవక, అయిపోతే కొద్ది రోజుల్లోనే మళ్లీ అచ్చువేయవచ్చు. పబ్లిషర్ల గుండెల మీది బరువు దిగిపోయింది. నింటెండో మాత్రం తర్వాతి కన్సోల్‌కూ కార్ట్రిడ్జ్‌నే పట్టుకుని కూర్చుంది. ఫలితంగా ఏళ్ల తరబడి నింటెండోతోనే నడిచిన స్క్వేర్ సంస్థ తన ఫైనల్ ఫాంటసీ 7ను 1997లో ప్లేస్టేషన్ మీద, మూడు డిస్కుల్లో విడుదల చేసింది. కన్సోల్ రంగంలో అంతవరకు అడుగుపెట్టని సోనీ ఆ తరంలో అందరినీ దాటిపోయింది. యంత్రం శక్తి గురించి అభిమానులు ఎంతైనా వాదించుకోనివ్వండి, పబ్లిషర్ చూసేది తన నష్టభయం ఎక్కడ తక్కువ అన్నదే.

పబ్లిషర్ మొహం చాటేస్తే ఏమవుతుందో సెగాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 1999లో అమెరికాలో విడుదలైన డ్రీమ్‌కాస్ట్‌కు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఒక్క గేమ్ కూడా ఇవ్వలేదు. క్రీడల గేమ్‌లన్నీ తామొక్కరే చేస్తామని ఆ సంస్థ పట్టుబట్టిందనీ, అప్పటికే సెగా సొంతంగా ఒక క్రీడల స్టూడియోను కొనడంతో తాను ఒప్పుకోలేకపోయాననీ అప్పటి సెగా అమెరికా అధిపతి బెర్నీ స్టోలర్ తర్వాత చెప్పారు. ఆ స్టూడియో చేసిన గేమ్‌లు మంచివే. కానీ పేరున్న గేమ్‌లు లేని కన్సోల్‌ను కొనడానికి జనం తటపటాయించారు. 2001 జనవరి 31న సెగా యంత్రాల తయారీ మానుకుంటున్నట్టు ప్రకటించి, ఇతరుల కన్సోళ్లకు గేమ్‌లు చేసే సంస్థగా మారింది. డ్రీమ్‌కాస్ట్ ఓడిపోవడానికి ఇదొక్కటే కారణం కాదు, సెగా సొంత తప్పిదాలూ ఉన్నాయి. అయినా ఒక పబ్లిషర్ లేకపోవడం ఇంత బరువుగా పడిన సందర్భం ఇంకొకటి నాకు గుర్తులేదు.

ముప్పై శాతం అందరికీ ముప్పైయేనా?

డబ్బు లెక్క చూద్దాం. కన్సోల్ కంపెనీ చాలాసార్లు యంత్రాన్ని నష్టానికో, నామమాత్రపు లాభానికో అమ్ముతుంది. ఎక్స్‌బాక్స్ యంత్రాల అమ్మకం మీద ఎన్నడూ లాభం రాలేదని 2021లో ఫోర్ట్‌నైట్ గేమ్ తయారీ సంస్థ ఎపిక్‌కూ ఆపిల్‌కూ మధ్య నడిచిన కేసు విచారణలో మైక్రోసాఫ్ట్ ఉన్నతాధికారి లోరీ రైట్ ప్రమాణం చేసి చెప్పారు. నింటెండో ఈ విషయంలో జాగ్రత్తగా ఉంటుంది. యంత్రం మీద పోయింది గేమ్‌ల మీద రాబట్టుకోవాలి. అందుకే డిజిటల్ స్టోర్‌లో అమ్మే ప్రతి గేమ్ మీదా, గేమ్ లోపల కొనే ప్రతి వస్తువు మీదా ముప్పై శాతం కన్సోల్ కంపెనీకి పోతుంది. డెబ్బై డాలర్ల గేమ్ అమ్మితే ఇరవై ఒకటి వారికి, నలభై తొమ్మిది పబ్లిషర్‌కు.

యంత్రం మీద నష్టం భరిస్తున్నాం కాబట్టి మాకు ఆ వాటా న్యాయమే అన్నది వారి వాదన. ఇందులో నిజం ఉంది. కానీ ఒక మార్పును ఆ వాదన దాటవేస్తుంది. డిస్కులు దుకాణాల్లో అమ్మిన రోజుల్లో అరవై డాలర్ల గేమ్ మీద కన్సోల్ కంపెనీ రాయల్టీ ఏడు డాలర్ల అటూఇటూగా ఉండేది. దుకాణదారుడి లాభం వేరు, రవాణా ఖర్చు వేరు. ఆ దుకాణదారుడు మధ్యలో ఉండటం పబ్లిషర్‌కు ఖర్చే, రక్షణ కూడా. ఒక దుకాణం సరుకు పక్కన పెడితే ఇంకో దుకాణం ఉండేది, ధర తగ్గించి అమ్మేవారు ఉండేవారు. డిజిటల్ అమ్మకం వచ్చాక దుకాణదారుడి వాటా కూడా కన్సోల్ కంపెనీకే చేరింది. గేట్ దగ్గర రుసుమూ వారిదే, దుకాణం లాభమూ వారిదే. ప్లేస్టేషన్‌లో ప్లేస్టేషన్ స్టోర్ తప్ప ఇంకో డిజిటల్ స్టోర్ లేదు. సైబర్‌పంక్ ఆరు నెలలు కనబడకుండా పోయినప్పుడు పాత డిస్కులు బయట దొరికాయి కానీ, డౌన్‌లోడ్ చేసుకోవాలంటే దారే లేదు.

ఇక ముప్పై శాతం ఎక్కువా తక్కువా అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. మొదటిది, అది అందరికీ ఒకటేనా అన్నది. కాదని ప్రమాణపూర్వకంగా తెలిసింది 2023 జూన్‌లో. యాక్టివిజన్‌ను మైక్రోసాఫ్ట్ కొనకుండా ఆపాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టుకు వెళ్లింది. అక్కడ ఎక్స్‌బాక్స్ అధికారి సారా బాండ్ సాక్ష్యం చెబుతూ, మామూలు వాటా కంటే మెరుగైన వాటా ఇవ్వకపోతే కొత్త ఎక్స్‌బాక్స్ మీద కాల్ ఆఫ్ డ్యూటీ రాదని యాక్టివిజన్ అధిపతి బాబీ కోటిక్ పట్టుబట్టారనీ, తాము ఒప్పుకున్నామనీ చెప్పారు. ఒప్పుకోక ఏం చేస్తారు? ఆ ఒక్క గేమ్ కోసమే కన్సోల్ కొనేవారు ఎందరో ఉన్నారు.

కోటిక్‌కు ఇది కొత్త కాదు. 2009 జూన్‌లో ప్లేస్టేషన్ 3 ధర తగ్గించకపోతే దానికి గేమ్‌లు ఇవ్వడం మానేయాల్సి రావచ్చని ఒక బ్రిటిష్ పత్రికతో బాహాటంగానే అన్నారు. ఆ ఆగస్టులో సోనీ ధరను 399 నుంచి 299 డాలర్లకు తగ్గించింది. ఆయన మాట వల్లే తగ్గించిందని చెప్పలేం, అమ్మకాలు అప్పటికే నెమ్మదించాయి. కానీ సోనీతో పత్రికాముఖంగా అలా మాట్లాడగల ధైర్యం ఎందరు పబ్లిషర్లకు ఉంటుంది?

ఇప్పుడు ఒక చిన్న సంస్థను చూడండి. కెనడాలోని పాలిట్రాన్ అనే అతి చిన్న బృందం 2012లో ఎక్స్‌బాక్స్ 360కి ఫెజ్ అనే గేమ్ తెచ్చింది. లోపాలు సరిచేస్తూ విడుదల చేసిన ప్యాచ్‌లో ఇంకో లోపం దొర్లింది. ఒక శాతం కంటే తక్కువ మంది ఆటగాళ్లకు, ఆడి దాచుకున్న ఆట పాడైపోయేది. ప్యాచ్‌ను వెనక్కి తీసుకున్నారు. మళ్లీ సరిచేసి పంపాలంటే మైక్రోసాఫ్ట్ పరీక్షకు మరోసారి పదుల వేల డాలర్లు కట్టాలి. ఆ డబ్బు తమ వల్ల కాదని చెప్పి, లోపం ఉన్న ఆ ప్యాచ్‌నే తిరిగి పెట్టారు. తమ తప్పును తాము దిద్దుకోవడానికి రుసుము కట్టలేక, తెలిసి తెలిసి కొందరు ఆటగాళ్లను వదులుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ రుసుము ఎత్తేసింది. ఈ రెండు ఉదంతాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కోపం వస్తుంది. పెద్ద పబ్లిషర్ తలుపు తడితే రేటు మారింది. చిన్న సంస్థ తడితే బిల్లు వచ్చింది. ఒప్పందాలన్నీ గోప్యంగా ఉంటాయి కనుక ఎవరు ఎంత కడుతున్నారో పక్కవాడికి తెలియదు, కోర్టు మెట్లెక్కితే తప్ప.

కోర్టు మెట్లెక్కినప్పుడే బయటపడిన ఇంకో సంగతి చెప్పాలి. ఫోర్ట్‌నైట్ వంటి గేమ్‌లో ప్లేస్టేషన్ ఉన్నవారు, ఎక్స్‌బాక్స్ ఉన్నవారు కలిసి ఆడుకోవడం సాంకేతికంగా ఎప్పుడో సాధ్యమే. 2017 సెప్టెంబర్‌లో పొరపాటున ఆ అడ్డు తొలగితే కొన్ని గంటలు అందరూ కలిసే ఆడుకున్నారు. సోనీ మాత్రం 2018 సెప్టెంబర్ దాకా ఒప్పుకోలేదు. ఎందుకో 2021 విచారణలో బయటపడిన పత్రాలు చెప్పాయి. ఒక ఆటగాడు ఎక్కువ సేపు ప్లేస్టేషన్ మీద ఆడుతూ, కొనుగోళ్లు మాత్రం వేరే కన్సోల్‌లో చేస్తే సోనీకి రావాల్సిన ముప్పై శాతం ఇంకొకరికి పోతుంది. అందుకే, ప్లేస్టేషన్ మీద ఆడే సమయంతో పోలిస్తే అక్కడ వచ్చే ఆదాయం ఒక మేరకు మించి తగ్గితే పబ్లిషర్ ఆ లోటు పూడ్చాలని సోనీ నిబంధన పెట్టింది. స్నేహితులిద్దరు కలిసి ఆడుకోలేకపోవడం వెనుక ఉన్నది ఈ లెక్క. తొలి కారణంగా సోనీ చెప్పింది మాత్రం పిల్లల భద్రత.

చందా పథకాల దగ్గరా ఇదే కథ. 2014లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ నెలవారీ చందాకు తన గేమ్‌లు ఇచ్చే పథకం పెడితే, మా వినియోగదారులకు అది గిట్టుబాటు కాదంటూ సోనీ నిరాకరించింది. అదే పథకాన్ని 2019లో రానిచ్చింది. వినియోగదారుడికి గిట్టుబాటో కాదో తేల్చుకోవలసింది వినియోగదారుడే కదా.

షరతులు గేమ్ ఆకృతినీ మారుస్తాయి. బెల్జియంకు చెందిన లారియన్ సంస్థ బాల్డర్స్ గేట్ 3ని 2023 ఆగస్టులో కంప్యూటర్లకూ, సెప్టెంబర్‌లో ప్లేస్టేషన్ 5కూ తెచ్చింది. ఎక్స్‌బాక్స్‌కు రాలేదు. ఎక్స్‌బాక్స్‌లో చవకైన సిరీస్ ఎస్, ఖరీదైన సిరీస్ ఎక్స్ అని రెండు రకాలు. రెండింటిలోనూ గేమ్ ఒకే సౌకర్యాలతో ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ నియమం. ఒకే తెరను రెండుగా చీల్చి ఇద్దరు ఆడుకునే సౌకర్యం సిరీస్ ఎస్ మెమరీకి మించిన పని. ఆ ఏడాది అందరూ మాట్లాడుకుంటున్న గేమ్ తమ యంత్రం మీద లేకపోయేసరికి మైక్రోసాఫ్ట్ దిగివచ్చింది. సిరీస్ ఎస్‌లో ఆ సౌకర్యం లేకుండానే అనుమతించింది, డిసెంబర్‌లో గేమ్ వచ్చింది. అదే కష్టం పేరులేని సంస్థకు వచ్చి ఉంటే నియమం సడలి ఉండేదా అన్నది నా అనుమానం.

బేరం కుదరకపోతే కొనేయడం

మాట వినని పబ్లిషర్‌ను దారికి తెచ్చుకునే మార్గం ఇంకొకటి ఉంది, ఆ పబ్లిషర్‌నే కొనేయడం. మైక్రోసాఫ్ట్ 2021లో జెనీమాక్స్‌ను 750 కోట్ల డాలర్లకు తీసుకుంది. 2022 జనవరి 18న యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. కాల్ ఆఫ్ డ్యూటీ పోటీదారు చేతిలోకి వెళుతోందని సోనీ ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. అయితే ప్రకటన వెలువడిన రెండు రోజులకే ప్లేస్టేషన్ అధిపతి జిమ్ రయాన్ ఒక పాత సహచరుడికి ఈమెయిల్ రాశారు. గేమ్‌ను తమకు రాకుండా చేయడం మైక్రోసాఫ్ట్ ఉద్దేశం కాదనీ, అది మరెన్నో ఏళ్లు ప్లేస్టేషన్ మీద ఉంటుందనీ అందులో ఉంది. ఆ ఈమెయిల్ కూడా 2023 విచారణలోనే బయటికి వచ్చింది. అదే విచారణలో నల్ల ఇంకుతో కొట్టేసిన సోనీ పత్రాన్ని స్కాన్ చేస్తే ఇంకు కింది అంకెలు కనబడ్డాయి. ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగం తయారీకి 22 కోట్ల డాలర్లు అయిందట. ఒక గేమ్‌కు ఇంత ఖర్చయ్యే చోట ఏ కన్సోల్ మీద అమ్మకం పోయినా భరించడం కష్టమే.

బ్రిటన్ నియంత్రణ సంస్థ మొదట అడ్డుకుంది. క్లౌడ్ హక్కులను (గేమ్‌ను ఇంటర్నెట్ ద్వారా నేరుగా ఆడించే హక్కులను) యూబీసాఫ్ట్ అనే మరో పబ్లిషర్‌కు బదలాయించాక ఒప్పుకుంది. అంతకుముందే కాల్ ఆఫ్ డ్యూటీ గురించి సోనీ పదేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టింది. 2023 అక్టోబర్ 13న కొనుగోలు పూర్తయింది.

ఆ తర్వాత జరిగింది చాలామంది ఊహించనిది. అన్ని వేల కోట్లు పెట్టి గేమ్‌లు కొన్న మైక్రోసాఫ్ట్ వాటిని తన యంత్రానికే అట్టిపెట్టుకోలేకపోయింది. ప్లేస్టేషన్ 5 అమ్మకాల ముందు ఎక్స్‌బాక్స్ బాగా వెనకబడింది. పెట్టిన సొమ్ము రాబట్టాలంటే ఆటగాళ్లు ఎక్కువ ఉన్నచోటికి వెళ్లక తప్పదు. 2024లో నాలుగు గేమ్‌లతో మొదలుపెట్టి, 2025 ఏప్రిల్‌లో ఫోర్జా హొరైజన్ 5ను ప్లేస్టేషన్ 5 మీద అమ్మకానికి పెట్టింది. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ గేమ్ అక్కడ అమ్ముడైన ప్రతిసారీ సోనీకి వాటా వెళుతుంది. ఇంతకాలం తాళంచెవుల గుత్తి నడుముకు దోపుకుని తిరిగిన సంస్థ పక్కవాడి తలుపు ముందు వరుసలో నిలబడింది. పబ్లిషర్ల బాధ దానికి ఇక బాగా అర్థమవుతుంది, ఆ అర్థం కావడం సొంత స్టోర్ నియమాల్లో కనబడితే నేను సంతోషిస్తాను.

2025 జూన్ 5న నింటెండో స్విచ్ 2 విడుదలైంది. నింటెండో మళ్లీ కార్డులే వాడుతోంది, పెద్ద గేమ్ పట్టే కార్డుకు ఖరీదు ఎక్కువ. ఆ ఖర్చు తప్పించుకోవడానికి పబ్లిషర్లకు నింటెండో ఒక వెసులుబాటు ఇచ్చింది. దాని పేరు గేమ్-కీ కార్డ్. డబ్బా కొని తెరిస్తే లోపల కార్డు ఉంటుంది, కార్డులో గేమ్ ఉండదు. గేమ్‌ను నింటెండో సర్వర్ నుంచి దించుకోవాలి, ఆడిన ప్రతిసారీ కార్డు యంత్రంలో ఉండాలి. ఆ సంగతి డబ్బా ముందువైపు అడుగున రాసి ఉంటుంది. తొలిరోజున వచ్చిన ఇతర సంస్థల గేమ్‌లలో చాలా వరకు ఈ రకం కార్డులే. 1990లలో కార్ట్రిడ్జ్ ఖర్చు పబ్లిషర్‌ను భయపెట్టింది. ఇప్పుడు ఆ ఖర్చును పబ్లిషరూ నింటెండోయూ కలిసి, గంటల తరబడి డౌన్‌లోడ్ చేసుకునే ఆటగాడి ఇంటర్నెట్ మీదికీ అతని యంత్రంలోని చోటు మీదికీ నెట్టారు. ఆ సర్వర్ ఆగిపోయిన రోజున, కొత్తగా దించుకోవాల్సినవారి చేతిలో మిగిలేది ప్లాస్టిక్ ముక్క.

అదే రోజు స్విచ్ 2 కోసం దుకాణాల్లోకి వచ్చిన డబ్బాల్లో సైబర్‌పంక్ 2077 కూడా ఉంది. సీడీ ప్రాజెక్ట్ దానికి 64 గిగాబైట్ల కార్డు కొన్నది. గేమ్ మొత్తం ఆ కార్డులోనే ఉంది.